స్టాక్‌హోంలో ఒక్క రోజు, వెంట అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న చదివాను. జూన్‌లో కోపెన్‌హాగెన్ వెళ్తూ దారిలో స్టాక్‌హోంలో ఒక పూర్తి రోజు దొరికింది. మీరిద్దరూ, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు. అందరూ శాకాహారులే. ఆ ఒక్క రోజులో పాత యుద్ధ ఓడ ఉన్న వాసా మ్యూజియం, స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం, ఆబా అనే పాటల బృందం మ్యూజియం, రాజప్రాసాదం, సిటీ హాల్, పాత ఊరు, వీటికి తోడు పడవ షికారు కూడా ఎలా సర్దుకోవాలని అడిగారు.

సర్దుకోవద్దు, సగానికి సగం కొట్టేయండి. నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఇక్కడి కిస్తా వైపు ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్లందరి ఇళ్లకూ వేసవిలో చుట్టాలు వస్తారు. అందరూ ఇలాంటి లిస్టుతోనే దిగుతారు. లిస్టు మొత్తం పూర్తిచేసిన కుటుంబానికి సాయంత్రానికి గుర్తుండేది ట్రామ్ కోసం పరిగెత్తడం ఒక్కటే. రెండు చోట్లు నిదానంగా చూసినవాళ్లు మాత్రం ఏళ్ల తర్వాత కూడా ఆ వాసా ఓడ గురించి మాట్లాడుతుంటారు.

ఈ ఊరు 14 దీవుల మీద ఉంది. మేలారెన్ సరస్సు నీళ్లు బాల్టిక్ సముద్రంలో కలిసే చోట కట్టుకున్నారు. అందుకే మ్యాపులో దగ్గరగా కనిపించేవి కూడా ఏదో ఒక వంతెన చుట్టి వెళ్లాల్సినవే. కానీ మీలాంటి కుటుంబానికి ఆ నీళ్లే పెద్ద సాయం. మధ్యాహ్నం అందరి కాళ్లూ మొండికేసే వేళకు పడవెక్కి కూర్చుంటే విశ్రాంతికి విశ్రాంతి, షికారుకు షికారు. కాబట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా యూర్‌గోర్డెన్ అనే ఒక్క దీవిలో ఉండండి. అక్కడి నుంచి పడవలో పాత ఊరికి రండి. అంతే.

యూర్‌గోర్డెన్ ఒకప్పుడు రాజుల వేటదీవి. ఇప్పుడు చెట్లు, మ్యూజియాలు, నడకదారులు. బోర్డుల మీద దాని పేరు ‘డి’ అక్షరంతో మొదలవుతుంది, చూసి కంగారుపడకండి. ఊరి నడిబొడ్డునున్న మెట్రో స్టేషన్ టి-సెంట్రాలెన్ నుంచి 7వ నంబరు ట్రామ్ ఎక్కితే తిన్నగా అక్కడికే వెళ్తుంది. హోటల్ నుంచి మెట్రోలో వచ్చేట్టయితే టి-సెంట్రాలెన్‌లో నీలి లైను ప్లాట్‌ఫాం వైపు ఒకసారి దిగండి. గుహలా తొలిచిన రాతి పైకప్పు మీద నీలం రంగు తీగలు, ఆకులు గీసి ఉంటాయి. 1975లో వేసిన బొమ్మలవి. ఎస్కలేటర్ ఉంటుంది కాబట్టి అత్తయ్యగారికి మెట్ల బాధ లేదు. పిల్లలు తల పైకెత్తి అలాగే నిలబడిపోతారు.

టికెట్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మెట్రో, బస్సు, ట్రామ్, మీరెక్కబోయే పడవ, అన్నీ ఎస్ఎల్ అనే ఒకే సంస్థ టికెట్ మీద నడుస్తాయి. మీకు 24 గంటల టికెట్ సరిపోతుంది. ఏడేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే టికెట్ అక్కర్లేదు, బాబు అందులోకే వస్తాడు. పాపకూ, 65 దాటి ఉంటే అత్తయ్యగారికీ తగ్గింపు ధర ఉంటుంది. ఆ రెండూ ఎస్ఎల్ యాప్‌లో ముందుగా తీసుకోండి. గేటు దగ్గర బ్యాంకు కార్డు ట్యాప్ చేసినా లోపలికి పంపిస్తుంది గాని, ఒక కార్డు ఒక మనిషికే. ఒకే కార్డుతో నలుగురూ వెళ్దామంటే కుదరదు.

ఇక వాసా. మీ రోజుకు ఇదే గుండెకాయ. జూన్ నుంచి ఆగస్టు వరకు పొద్దున ఎనిమిదిన్నరకే తలుపులు తీస్తారు. ఆ వేళకే గుమ్మంలో ఉండండి. పది దాటితే టూరిస్టు బస్సులు వరసకట్టి వస్తాయి, ఆ తర్వాత బాబును ఎత్తుకునే చూపించాలి. 18 ఏళ్ల వరకు పిల్లలకు టికెట్ లేదు, పెద్దవాళ్లు ముగ్గురికే కొనుక్కోవాలి.

లోపల వెలుతురు తక్కువ. కళ్లు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. అప్పుడు కనిపిస్తుంది, ఎదురుగా నల్లటి కొయ్య ఓడ, పొడవు 69 మీటర్లు, బొమ్మ కాదు, నమూనా కాదు, అసలు ఓడే. అందులో 98 శాతం పాత కలపే. పెద్దవాళ్లకు కూడా ఒక్క క్షణం మాట పడిపోతుంది.

లోపలికి వెళ్లేముందు పాపకు దాని కథ చెప్పి ఉంచండి. కథ తెలియకపోతే అది పెద్ద చెక్క, కథ తెలిస్తే వదిలిపెట్టదు. స్వీడన్ రాజు రెండో గుస్తావ్ అడోల్ఫ్ పోలండ్‌తో యుద్ధంలో ఉన్నాడు. రెండు అంతస్తుల్లో ఫిరంగులతో, చూడగానే శత్రువు బెదిరిపోయే ఓడ కావాలన్నాడు. మొత్తం 64 కంచు ఫిరంగులు. బయలుదేరే ముందు పరీక్ష పెట్టారు: 30 మంది నావికుల్ని ఓడ పైన ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కలిసి పరిగెత్తమన్నారు. మూడోసారికే ఓడ ఎంతగా ఊగిందంటే, ఇంకా పరిగెత్తితే ఇక్కడే బోల్తాపడుతుందని పరీక్షే ఆపేశారు. ఓడను ఆపలేదు. రాజు తొందరపెడుతున్నాడు కదా, ఎవరు చెప్తారు?

1628 ఆగస్టు 10, ఆదివారం. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తున్నారు. ఓడ 1,300 మీటర్లు వెళ్లింది. ఒక గాలి విసురు వచ్చి పక్కకు ఒరిగింది, తెరిచి ఉంచిన ఫిరంగి కన్నాల్లోంచి నీళ్లు లోపలికి వచ్చేశాయి. అందరి కళ్లముందే రేవులోనే మునిగిపోయింది. సుమారు 30 మంది చనిపోయారు. మొదటి ప్రయాణం కాబట్టి నావికుల భార్యాపిల్లల్ని కూడా కొంతదూరం ఎక్కనిచ్చారు. విచారణ జరిగింది గాని ఎవరికీ శిక్ష పడలేదు. ఓడ కట్టిన పెద్ద మేస్త్రీ అంతకు ముందు ఏడాదే చనిపోయాడు, కొలతలకు ఒప్పుకున్నది సాక్షాత్తూ రాజుగారు.

ఇది చెప్పాక మీ పాప తప్పకుండా అడుగుతుంది, నీళ్లలో ఉన్న కొయ్య కుళ్లిపోలేదేం అని. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. మామూలు సముద్రాల్లో కొయ్యను తొలిచి తినే ఓడపురుగు ఈ నీళ్లలో బతకదు. అందుకే 333 ఏళ్లు బురదలో అలాగే ఉండిపోయింది. 1956లో అండర్స్ ఫ్రాన్సేన్ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. గజ ఈతగాళ్లు సుమారు 30 మీటర్ల లోతులో, చిమ్మచీకట్లో, ఓడ అడుగున బురదలో నీటిధారలతో ఆరు సొరంగాలు తవ్వారు. వాటిలోంచి ఉక్కుతాళ్లు వేసి విడతలు విడతలుగా లేపి 1961 ఏప్రిల్ 24న పైకి తెచ్చారు. బయటికి తీశాక అసలు కష్టం మొదలైంది. తడి ఆరితే కొయ్య బీటలిచ్చి ముక్కలైపోతుంది. అందుకని నీళ్లలో ఒక రకం మైనం లాంటి రసాయనం కలిపి 17 ఏళ్లపాటు చల్లుతూనే ఉన్నారు. ఇప్పుడు మీరు చూసే మ్యూజియం 1990లో తెరిచింది. లోపల చల్లదనం, గాలిలో తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉంచుతారు. మీకు కాస్త చలేస్తుంది, అత్తయ్యగారికి శాలువా చేతిలో ఉంచండి.

చూసే వరస గురించి ఒక మాట. చాలామంది కింద నుంచే రెండు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. ముందు అక్కడ వేసే చిన్న సినిమా చూడండి, కూర్చోవచ్చు కూడా. ఆ తర్వాత లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి అక్కడి నుంచి దిగుతూ రండి. ఓడలోకి ఎక్కనివ్వరు, కానీ ఒక్కో అంతస్తులో ఒక్కో ఎత్తు నుంచి పక్కనే నిలబడి చూడొచ్చు. ఓడ వెనకభాగం దగ్గర ఎక్కువసేపు ఆగండి. సింహాలు, యోధులు, కిరీటాలు, ఒక అంగుళం కూడా వదలకుండా చెక్కారు. ఇప్పుడు నల్లగా కనిపిస్తున్న ఆ శిల్పాలన్నీ అప్పట్లో మన గుడి గోపురం బొమ్మల్లా ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో మెరిసేవి. పక్కనే పదోవంతు సైజులో రంగులు వేసిన నమూనా ఉంది. పాపను రెండింటి మధ్య నిలబెట్టి, అక్కడున్న సింహం ఇక్కడ ఎక్కడుందో వెతకమనండి. అరగంట ఇట్టే గడిచిపోతుంది.

ఇంకొకటి, ఓడలో దొరికిన కొలబద్దలు. పనివాళ్లు వాడిన వాటిలో కొన్నిటికి అడుగంటే 12 అంగుళాలు, అది స్వీడన్ అడుగు. కొన్నిటికి 11 అంగుళాలే, అది ఆమ్‌స్టర్‌డాం అడుగు. ఒకే ఓడను రెండు రకాల అడుగులతో కట్టారు. లెక్కలంటే చిరాకుపడే పిల్లలకు కూడా ఇది చటుక్కున అర్థమవుతుంది. ఫిరంగుల కథ కూడా వదలకండి. 1660ల్లో మనిషిని గంట ఆకారపు సీసపు తొట్టిలో నిలబెట్టి, ఆ గంటలో మిగిలిన గాలి పీలుస్తూ చల్లటి నీళ్ల అడుగుకు దింపి, 50కి పైగా ఫిరంగులు బయటికి లాగారు. ఆ గంట లోపల నిలబడితే ఎలా ఉంటుందో పిల్లలు చూడొచ్చు. అన్నిటికన్నా కింది అంతస్తులో ఓడలో చనిపోయినవాళ్ల అస్థిపంజరాలు, వాటిని బట్టి తయారుచేసిన ముఖాలు ఉన్నాయి. బాబు భయపడే రకమైతే మీలో ఒకరు వాడితో పైనే ఉండిపోండి.

రెండు గంటలు ఇక్కడికి రాసుకోండి. బయల్దేరేముందు అందరూ బాత్రూంకు వెళ్లి రండి. ఊళ్లో బయట చాలాచోట్ల బాత్రూంకు డబ్బులు తీసుకుంటారు, అదీ కార్డుతోనే.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను: క్రోనర్ నోట్లు మార్చుకోకండి. కాఫీ దుకాణం నుంచి బాత్రూం తలుపు దాకా అంతా కార్డే. చాలాచోట్ల ‘నోట్లు తీసుకోం’ అని బోర్డు పెట్టి మరీ చెప్తారు. ఇద్దరి దగ్గరా వేరువేరు కార్డులు ఉంచుకోండి, ఒకటి మొరాయిస్తే టెన్షన్ ఉండదు. మంచినీళ్ల సీసాలు కూడా కొనొద్దు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, ఖాళీ సీసాలు నింపుకోండి.

వాసా నుంచి స్కాన్సెన్ నడిచే దూరమే, అత్తయ్యగారి కోసం ట్రామ్ ఎక్కండి. 1891లో ఆర్తుర్ హాత్సేలియుస్ మొదలుపెట్టిన ఆరుబయలు మ్యూజియం ఇది, ప్రపంచంలో ఇలాంటి తొలి మ్యూజియాల్లో ఒకటి. పల్లెలు ఖాళీ అయి ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, పాత బతుకులు కనుమరుగైపోతాయేమోనని దేశం నలుమూలల నుంచి ఇళ్లను ఊడదీసి తెచ్చి ఈ గుట్ట మీద మళ్లీ నిలబెట్టాడు. సుమారు 150 కట్టడాలు ఉన్నాయి. అన్నీ చూడాలని మాత్రం అనుకోకండి, గుట్ట ఎక్కి దిగడంలోనే అలిసిపోతారు.

పెద్ద గేటు నుంచి లోపలికి వెళ్తే పైకి ఎస్కలేటర్ ఉంది. దిగగానే పాత పట్టణపు వీధి. అక్కడ గాజు ఊదేవాళ్ల కార్ఖానా, రొట్టెలు కాల్చే బేకరీ ఉన్నాయి. అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టండి. కొలిమిలోంచి తీసిన ఎర్రటి గాజుముద్దను గొట్టం చివర తిప్పుతూ, ఊదుతూ, మన కళ్లముందే గిన్నె చేసేస్తారు. ఇంటి పనిముట్ల విలువ తెలిసిన పెద్దవాళ్లకు ఇది ఏ రాజప్రాసాదం కన్నా నచ్చుతుంది. మీలో ఒకరు ఆవిడతో ఉంటే ఇంకొకరు పిల్లల్ని జంతువుల వైపు తీసుకెళ్లొచ్చు. ఎలుగుబంట్లు, తోడేళ్లు, రెయిన్‌డీర్లు, మూస్ అనే పెద్ద దుప్పి, అన్నీ ఈ ఉత్తరాది జంతువులే. మూస్ మనం అనుకున్నదానికన్నా చాలా పెద్దది. గుర్రం కన్నా ఎత్తుగా, వేలాడే ముక్కుతో, తాపీగా ఆకులు నములుతూ ఉంటుంది. నాలుగేళ్ల వాడికి చిన్న జంతువుల విభాగం విడిగా ఉంది. సింహం, పులి లేవని బాబు పేచీ పెట్టకుండా ముందే చెప్పి ఉంచండి.

పల్లె ఇళ్ల వైపు వెళ్తే కప్పు మీద గడ్డి పెరిగిన కొయ్య ఇళ్లు కనిపిస్తాయి. కింద బెరడు పరిచి పైన మట్టి, గడ్డి వేస్తారు, చలికి లోపల వెచ్చగా ఉంటుంది. గుమ్మాలు ఎంత పొట్టిగా ఉంటాయంటే వంగి దూరాలి. వేసవిలో ఆ ఇళ్లలో పాతకాలపు బట్టలు వేసుకున్నవాళ్లు ఉంటారు. పొయ్యి ఎలా వెలిగించేవాళ్లు, చలికాలానికి రొట్టెలు ఎలా ఎండబెట్టి దాచేవాళ్లు అని అడిగితే సంతోషంగా చెప్తారు. ఇంగ్లిష్ అందరికీ వచ్చు. అడగడానికి మొహమాటపడకండి. ఇక్కడివాళ్లు వాళ్లంతట వాళ్లుగా పలకరించరు గాని, అడిగితే ఓపికగా నిలబడి చెప్పే మనుషులు.

భోజనం విషయంలో మీకు నా గట్టి సలహా: మధ్యాహ్నానికి డబ్బాలు కట్టుకుని వెళ్లండి. ఇక్కడ అది నామోషీ కాదు. స్వీడన్ కుటుంబాలు కూడా బుట్టల్లో తెచ్చుకుని గడ్డి మీద కూర్చుని తింటాయి, స్కాన్సెన్‌లో కూర్చోవడానికి బల్లలు చాలా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం దగ్గర్లోని ఇకా, కోప్, హేమ్‌షోప్, ఏ సూపర్‌మార్కెట్లోనైనా పెరుగు కొనొచ్చు. డబ్బా మీద ‘నాతురెల్’ అని ఉందో లేదో చూడండి, అదే మామూలు చప్పటి పెరుగు. అది చూడకుండా తీస్తే వెనిలా, స్ట్రాబెరీ రుచులవి వచ్చి పడతాయి, వాటితో పెరుగన్నం కలపలేం. గట్టి పెరుగు కావాలంటే ‘తుర్కిస్క్’ అని రాసి ఉన్నది తీసుకోండి. హోటల్లో వంటకు వీలు లేకపోతే బ్రెడ్డు, చీజ్, పళ్లు, మీరు తెచ్చుకున్న పులిహోర పేస్టు, పొడులు చాలు. వేడిగా కావాలంటే మామూలు రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా హోటళ్లలో ‘దాగెన్స్’ అని ఆ రోజు భోజనం ఉంటుంది. సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ అందులోనే, రాత్రి ధరతో పోలిస్తే చాలా తక్కువ. శాకాహారం ఒక రకమైనా దాదాపు ఎక్కడైనా ఉంటుంది, శనగలు రుబ్బి వడల్లా వేయించే ఫలాఫెల్ బళ్లు కూడా ఊరంతా కనిపిస్తాయి.

మీరు గుడ్డు కూడా తినం అని రాశారు కాబట్టి రెండు జాగ్రత్తలు. ఇక్కడి ఏలకుల బన్ను చాలా బాగుంటుంది. ఏలకులు కచ్చాపచ్చాగా దంచి పిండిలో కలుపుతారు, దుకాణం బయటికే వాసన వస్తుంది. కానీ కాల్చే ముందు పైన గుడ్డు పూస్తారు. గుడ్డు లేనిది కావాలంటే ‘వేగన్’ అని రాసి ఉన్నది అడగండి, చాలా కేఫుల్లో దొరుకుతుంది. రెండోది, తూకానికి అమ్మే రంగురంగుల జెల్లీ మిఠాయిలు. పిల్లలు వాటిని చూడగానే ఆగిపోతారు. వాటిలో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. జెలటిన్ లేనివి కూడా అదే దుకాణంలో ఉంటాయి, గుర్తు చూసి తీసుకోవాలి.

మూడింటికి కాస్త ముందో వెనకో స్కాన్సెన్ దిగి గ్రోనా లుండ్ పక్కనున్న రేవుకు రండి. అది 1883 నాటి ఎగ్జిబిషన్ పార్కు. రోలర్ కోస్టర్ అరుపులు రోడ్డు మీదకు వినిపిస్తుంటాయి. బాబు అటు లాగుతాడు, గట్టిగా పట్టుకోండి. లోపలికి వెళ్తే మిగతా రోజు అక్కడే అయిపోతుంది. ఆబా మ్యూజియం కూడా ఆ పక్కనే. ఆ పాటలంటే ప్రాణమైతే తప్ప దాన్ని వదిలేయొచ్చు. ఆ టికెట్ల ఖర్చుకు మీ ఇంట్లో సగంమందికి ఏమీ అర్థం కాదు.

82వ నంబరు పడవ ఇక్కడి నుంచి పాత ఊరి పక్కనున్న స్లుస్సెన్ వెళ్తుంది. మీ 24 గంటల టికెట్టే చాలు, మళ్లీ కొనక్కర్లేదు. విడిగా డబ్బు పెట్టి ఎక్కే టూరిస్టు పడవల్లో కనిపించే ఊరి ముఖం ఇందులోనూ కనిపిస్తుంది. పైన బయట నిలబడితే ఎడమ పక్క గుట్ట మీద సోదర్‌మాల్మ్ ఇళ్లు, ఎదురుగా పాత ఊరి చర్చి శిఖరాలు, కుడి పక్క తెల్లటి తెరచాప ఓడ ఒకటి లంగరు వేసి ఉంటుంది. గాలి మాత్రం జూన్‌లో కూడా చల్లగా కొడుతుంది. పిల్లలకు విండ్‌చీటర్ వేయండి. అత్తయ్యగారు చీరలో ఉంటే లోపల కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది, అక్కడి నుంచీ అన్నీ కనిపిస్తాయి.

పాత ఊరు గమ్లా స్తాన్‌లో గులకరాళ్ల బాటలు. మోకాళ్లకు ఇవే అసలు పరీక్ష. అత్తయ్యగారికి చెప్పులు వద్దు, బూట్లు వేయించండి, చీర కిందైనా సరే. ఆవిడకు ఓపిక లేకపోతే స్లుస్సెన్ దగ్గరే ఒక కేఫులో కూర్చోబెట్టి, ఒక గంటలో తిరిగి రావచ్చు.

ఇక్కడ పెద్ద బజారు వీధిని పట్టుకుని నడిస్తే అయస్కాంతం బొమ్మల దుకాణాలు తప్ప ఏమీ ఉండదు. ఆ వీధి మొదట్లోనే మోర్టెన్ త్రోత్సిగ్ సందు ఉంది. ఇరుకైన చోట 90 సెంటీమీటర్లే వెడల్పు, పైకి 36 మెట్లు. పిల్లలు రెండు చేతులూ చాపి రెండు గోడలూ ఒకేసారి ముట్టుకోవచ్చు. పైకి ఎక్కితే ప్రెస్ట్‌గాతన్ అనే నిశ్శబ్దమైన వీధి. దాని వెంట నడుస్తూ కోక్‌బ్రింకెన్ అనే సందు మూల దగ్గర ఆగి కింద చూడండి. ఇంటి గోడలో ఇటుకల మధ్య ఒక రూన్ రాయి ముక్క, అంటే ఈ ఉత్తరాది పాత లిపి చెక్కిన రాయి, ఇరికించి ఉంది. దాదాపు వెయ్యేళ్ల నాటిది, పాములా మెలికలు తిరిగిన గీతలో అక్షరాలు చెక్కారు. తర్వాతి కాలంలో ఇల్లు కట్టినవాళ్లు దొరికిన రాయి దొరికినట్టు గోడలో పెట్టేశారు. బండ్లు మూల తగిలి గోడ విరక్కుండా దాని ముందు పాత ఫిరంగి గొట్టం ఒకటి నిలువునా పాతారు. వందలమంది దాని పక్కనుంచే చూడకుండా వెళ్లిపోతారు. ఫిరంగుల కథ పొద్దునే విన్న పాప దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.

అలాగే ముందుకు వెళ్తే స్టోర్‌టోర్యెట్ చౌరస్తా. ఎరుపు, పసుపు ఇళ్లు పోస్టు కార్డుల మీద మీరు చూసినవే. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఇక్కడే 80 మందికి పైగా స్వీడన్ పెద్దల తలలు తీయించాడు. ఆ పగతో లేచిన తిరుగుబాటే స్వీడన్‌ను వేరే రాజ్యంగా నిలబెట్టింది. కోపెన్‌హాగెన్ వెళ్తున్నారు కదా, రెండు ఊళ్లనూ కలిపే కథ ఇది. అక్కడి నోబెల్ మ్యూజియం లోపలికి వెళ్లే సమయం మీకుండదు.

ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పిడి మామూలు రోజుల్లో మధ్యాహ్నం పన్నెండుంపావుకు జరుగుతుంది, మీకు అందదు. దానికోసం పొద్దుటి వాసాను మార్చుకోకండి. లోపలి గదులు కూడా వదిలేయండి. మన మైసూరు ప్యాలెస్ చూసిన కళ్లకు అవి ఆనవు. దానికి బదులు ప్యాలెస్ ఎదురుగా ఉన్న ఫిన్లాండ్ చర్చి వెనక పెరట్లోకి వెళ్లండి. అక్కడ 15 సెంటీమీటర్ల ఇనుప పిల్లాడు మోకాళ్లు చేతులతో చుట్టుకుని ఆకాశంలోకి చూస్తూ కూర్చుని ఉంటాడు. లిస్ ఎరిక్సన్ చేసిన బొమ్మ. ఊరివాళ్లు చలికాలంలో వాడికి ఉన్నితో టోపీ, మఫ్లరు అల్లి వేస్తారు. చుట్టూ చిల్లర, మిఠాయిలు పెట్టి పోతారు. తల నిమిరీ నిమిరీ నున్నగా అయిపోయింది. బాబు అంత ఎత్తుకు వంగి చూసే విగ్రహం ఈ ఊళ్లో ఇదొక్కటే.

సాయంత్రం ఆరయినా ఎండ తగ్గదు. జూన్‌లో పొద్దు గుంకేది రాత్రి పదింటికి. పిల్లలు నిద్రపోం అని మారాం చేస్తారు, హోటల్లో మందపాటి పరదాలున్నాయో లేదో ముందే అడగండి. ఓపిక ఉంటే ప్యాలెస్ పక్క వంతెన దాటి కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్ పార్కులో కూర్చోండి. వంతెన దగ్గర ఊరి నడిబొడ్డున గాలాలు వేసుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తారు, సాల్మన్ చేపల కోసం. ఇక్కడ చేపలు పట్టడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. నీళ్లు అంత శుభ్రంగా ఉంచుకున్నారు.

సిటీ హాల్ లోపల చూడాలంటే గైడు వెంటే వెళ్లాలి, ముప్పావు గంట నిలబడే ఉండాలి. అత్తయ్యగారికీ, బాబుకీ అది శిక్ష. నోబెల్ ముచ్చట కావాలంటే హోటోర్యెట్ చౌరస్తాకు వెళ్లండి, టి-సెంట్రాలెన్‌కు దగ్గరే. పళ్లు, పూలు అమ్మే బళ్ల వెనక స్తంభాలతో నీలం భవనం ఉంటుంది, అదే కాన్సర్ట్ హాల్. ఏటా డిసెంబరు 10న శాంతి బహుమతి తప్ప మిగతా నోబెల్ బహుమతులు ఇచ్చేది అక్కడే. విశాఖపట్నంలో బడి చదువు చదువుకున్న సర్ సి.వి. రామన్ 1930లో ఇక్కడికే వచ్చి తీసుకున్నారు. మెట్ల మీద పాపను నిలబెట్టి ఫోటో తీయండి, ఎవరూ అడ్డుచెప్పరు.

ఊరంతటికీ కలిపి అమ్మే పాస్ కొనాలా అని కూడా అడిగారు. వద్దు. ఈ ప్లానులో మీరు టికెట్ కొనేది రెండు చోట్లే, అందులో ఒకచోట పిల్లలకు ఉచితం. ఆ పాస్ గిట్టుబాటు కావాలంటే రోజంతా పరిగెత్తాలి.

వాన పడితే వరస మార్చకండి. వాసాలో ఇంకో గంట ఎక్కువ ఉండి, స్కాన్సెన్ బదులు మెట్రోలో తిరగండి. సోల్నా సెంట్రుమ్ స్టేషన్‌లో ఎర్రటి ఆకాశం కింద పచ్చటి అడవి, స్తాదియోన్‌లో రాతి కప్పు మీద ఇంద్రధనుస్సు. ఆ రెండూ పిల్లలకు బాగా నచ్చుతాయి, బయట తడవక్కర్లేదు.

చివరిగా తేదీ చూసుకోండి. జూన్ 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారం ఇక్కడివాళ్లకు మిడ్‌సమ్మర్ పండగ, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఊరు ఖాళీ అయిపోతుంది. చాలా దుకాణాలు, హోటళ్లు మూసేస్తారు, మ్యూజియాల వేళలు మారతాయి. స్కాన్సెన్‌లో మాత్రం ఆ రోజు పూలు చుట్టిన పెద్ద స్తంభం నిలబెట్టి, దాని చుట్టూ పెద్దాచిన్నా కప్పల్లా గెంతుతూ ఆడతారు, చూడటానికి చాలా బాగుంటుంది, జనం కూడా విపరీతంగా ఉంటారు. మీ రోజు అదే అయితే స్కాన్సెన్‌ను పొద్దునకు, వాసాను మర్నాటి ఉదయానికి మార్చాలి. విమానం వేళతో పాటు తేదీ రాయండి, దాన్ని బట్టి వరస మార్చి చెప్తాను.